మారథాన్ సమయం అంచనా: 1.06 అందరికీ సరిపోదు

అందరికీ నమస్కారం. నేరుగా ఒక లెక్కతో మొదలుపెడదాం. ఒక రన్నర్ 10 కిలోమీటర్ల రేసు సరిగ్గా 50 నిమిషాల్లో పూర్తిచేశారు. కొన్ని వారాల తర్వాత హాఫ్ మారథాన్ 1:53:00లో చేశారు. వచ్చే నెల ఫుల్ మారథాన్ ఉంది. ఎంతలో పూర్తిచేయగలరు?

రేసు సమయాన్ని అంచనా వేసే ఆన్‌లైన్ కాలిక్యులేటర్‌లో 10కె (10 కిలోమీటర్ల) టైము వేస్తే 3:50:00 అంటుంది. హాఫ్ టైము వేస్తే 3:55:36 అంటుంది. ఈ రెండు రేసుల మధ్య ఆ రన్నర్ వేగం ఎంత తగ్గిందో చూసి, అదే తీరును ముందుకు పొడిగిస్తే 4:00:54 వస్తుంది. మనిషి ఒకరే, జవాబులు మూడు. మొదటిదానికీ మూడోదానికీ దాదాపు పదకొండు నిమిషాల తేడా. రేసు రోజు మొదటి జవాబు నమ్మి పరిగెత్తడం మొదలుపెడితే 30 కిలోమీటర్లు దాటాక వేగం ఎలా కుప్పకూలుతుందో ఇక్కడున్న చాలామందికి తెలుసు. మూడో జవాబే ఎక్కువ నమ్మదగినదని నా అభిప్రాయం. ఎందుకో, దానిలోనూ ఎక్కడ జాగ్రత్తపడాలో చెబుతాను.

ఈ కాలిక్యులేటర్లలో చాలావాటి వెనక ఉన్నది పీటర్ రీగల్ సూత్రం. ఆయన అమెరికన్ ఇంజనీరు. రోడ్డు రేసుల దూరాన్ని కచ్చితంగా కొలిచే పద్ధతుల మీద కూడా చాలా పనిచేశారు. 1977లో ఈ సూత్రాన్ని ప్రచురించారు, 1981లో మరింత విస్తరించి రాశారు. సూత్రం చిన్నది. కొత్త దూరాన్ని పాత దూరంతో భాగించండి. వచ్చిన నిష్పత్తిని 1.06 ఘాతానికి హెచ్చించండి (గుణకారం కాదు, కాలిక్యులేటర్‌లో x^y మీట). దాన్ని పాత సమయంతో గుణించండి. అంతే.

ఆ 1.06 ఏం చెబుతోంది? ఘాతం 1 అయితే, దూరం రెట్టింపైనప్పుడు సమయమూ సరిగ్గా రెట్టింపే. అంటే వేగం ఏమాత్రం తగ్గదు. 1.06 అయితే సమయం 2.085 రెట్లు అవుతుంది. దూరం రెట్టింపైన ప్రతిసారీ వేగం సుమారు నాలుగు శాతం తగ్గుతుందన్నమాట. ఈ గుణకాలు రాసుకోండి, ప్రతిసారీ ఫోను తీయనక్కర్లేదు. 5కె నుంచి 10కెకి 2.085. 10కె నుంచి హాఫ్‌కి 2.206. హాఫ్ నుంచి ఫుల్‌కి మళ్లీ 2.085. 10కె నుంచి ఫుల్‌కి 4.60. 5కె నుంచి ఫుల్‌కి 9.59.

లెక్క వేసేటప్పుడు తరచూ జరిగే పొరపాట్లు రెండున్నాయి. 1:53:24ని కాలిక్యులేటర్‌లో 113.24 అని కొట్టేస్తారు. 24 సెకన్లంటే 0.4 నిమిషం, కాబట్టి అది 113.4. చివర్లో కూడా ఇదే జాగ్రత్త ఉండాలి: 235.6 నిమిషాలంటే 3 గంటల 55 నిమిషాల 36 సెకన్లు, 60 సెకన్లు కాదు. రెండోది, ఫుల్ మారథాన్‌ను 42 కిలోమీటర్లుగా తీసుకోవడం. ఆ 0.195ని వదిలేస్తే 3 గంటల 50 నిమిషాల మారథాన్ పేస్‌లో (పేస్ అంటే కిలోమీటరుకు పట్టే సమయం) ఒక నిమిషానికి పైగా పోతుంది. హాఫ్ అంటే 21.0975, ఫుల్ అంటే 42.195. ఇవే వాడండి.

ఈ సూత్రం మంచిదేనా? చాలా మంచిది, తన పరిధిలో. ఒక ఉదాహరణ చూడండి. యుగాండాకు చెందిన జోషువా చెప్టెగెయ్ 2020 ఆగస్టులో మొనాకోలో 5000 మీటర్లు 12:35.36లో పరిగెత్తి ప్రపంచ రికార్డు పెట్టాడు. ఎనిమిది వారాలు తిరగకముందే అక్టోబరులో వాలెన్సియాలో 10,000 మీటర్లు 26:11.00లో పూర్తిచేసి ఇంకో రికార్డు పెట్టాడు. మొదటి సమయాన్ని 2.085తో గుణిస్తే 26:14.9 వస్తుంది. అసలు సమయానికీ దీనికీ తేడా నాలుగు సెకన్ల లోపే. ఆయన సొంత ఘాతం లెక్కగడితే 1.056. ఒకే మనిషి, ఒకే సీజను, రెండూ ట్రాక్ మీద, రెండూ ముందు పరిగెత్తి వేగం కుదిర్చే పేస్‌మేకర్లతో, రెండూ ప్రాణం పెట్టి పరిగెత్తినవి. ఇన్పుట్ ఇంత శుభ్రంగా ఉంటే సూత్రం ఇంత బాగా పనిచేస్తుంది.

మరి మారథాన్‌కి వచ్చేసరికి ఎందుకు తేలిపోతోంది? రీగల్ తన సూత్రం ఎక్కడ పనిచేస్తుందో తానే చెప్పారు: మూడున్నర నిమిషాల నుంచి 230 నిమిషాల దాకా సాగే పరుగులకు. 230 నిమిషాలంటే సరిగ్గా 3:50. అంటే 10కెని 50 నిమిషాల్లో చేసేవారి మారథాన్ అంచనా ఆ హద్దు మీదే కూర్చుంది. 55 నిమిషాలు, 60 నిమిషాలు తీసుకునేవారి మారథాన్ ఆ హద్దు దాటి చాలా ముందుకు పోతుంది. నాలుగు, నాలుగున్నర, ఐదు గంటలు పరిగెత్తేవాళ్లందరూ ఈ సూత్రాన్ని దాని రచయిత గీసిన గీత బయట వాడుతున్నారు. ఈ సంగతి కాలిక్యులేటర్ తెర మీద ఎక్కడా కనబడదు.

పరిశోధకులు ఆండ్రూ వికర్స్, ఎమిలీ వెర్టోసిక్ 2016లో ప్రచురించిన అధ్యయనం ఇదే విషయాన్ని అంకెల్లో చూపించింది. వాళ్లు రెండు వేలకు పైగా సాధారణ రన్నర్ల రేసు సమయాలు తీసుకుని పరీక్షించారు. హాఫ్ మారథాన్ దాకా రీగల్ సూత్రం బాగానే సరిపోయింది. మారథాన్ దగ్గర మాత్రం సగం మందికి కనీసం పది నిమిషాలు తక్కువ చూపించింది. పది నిమిషాలంటే కిలోమీటరుకు 14 సెకన్లు. ఆ తేడాతో మొదలుపెట్టిన పరుగు చివరిదాకా నిలవదు.

కారణం ఒంట్లోనే ఉంది. 10కె మొత్తం కండరాల్లో, కాలేయంలో ఉన్న గ్లైకోజన్ (ఒంట్లో నిల్వ ఉండే పిండిపదార్థం) మీద హాయిగా నడిచిపోతుంది. మారథాన్ అలా కాదు. పరుగుకు అయ్యే శక్తి సుమారుగా ఒక కిలో బరువుకు, ఒక కిలోమీటరుకు ఒక కిలో క్యాలరీ. 60 కిలోల మనిషికి 42.195 కిలోమీటర్లకు 2,500 కిలో క్యాలరీలు దాటుతుంది. ఒంట్లో గ్లైకోజన్ నిల్వ మామూలుగా 400 నుంచి 500 గ్రాములు, గ్రాముకు 4 కిలో క్యాలరీల చొప్పున రెండు వేల లోపే. అందులోనూ చేతుల్లో ఉన్నది కాళ్లకు రాదు. కొంత కొవ్వు నుంచి వస్తుంది, కొంత దారిలో తీసుకునే జెల్స్ (పిండిపదార్థపు పాకెట్లు) నుంచి వస్తుంది, కానీ వేగం పెరిగేకొద్దీ ఖర్చులో గ్లైకోజన్ వాటా పెరుగుతుంది. దీనికి తోడు గంటల తరబడి నేలను తాకే పాదాల దెబ్బకు తొడ కండరాలు అలిసి, అదే వేగానికి ఎక్కువ శక్తి అడగడం మొదలుపెడతాయి. ఈ రెండింటినీ తట్టుకునే సత్తా వారపు కిలోమీటర్ల నుంచి, లాంగ్ రన్ల నుంచి వస్తుంది. 10కె టైములో దాని ఆనవాలు దాదాపు ఉండదు. ఒకే 10కె టైమున్న ఇద్దరిలో ఒకరు వారానికి 25 కిలోమీటర్లు, ఇంకొకరు 75 కిలోమీటర్లు పరిగెత్తుతుంటే, సూత్రం ఇద్దరికీ ఒకే మారథాన్ టైము చెబుతుంది. అక్కడే అది తప్పుతుంది.

అందుకే మీ ఘాతాన్ని మీరే కనుక్కోవాలి. రెండు రేసులు చాలు. పెద్ద రేసు సమయాన్ని చిన్న రేసు సమయంతో భాగించి దాని లాగ్ తీయండి. పెద్ద దూరాన్ని చిన్న దూరంతో భాగించి దాని లాగ్ తీయండి. మొదటిదాన్ని రెండోదానితో భాగించండి. ఫోనులోని కాలిక్యులేటర్‌ను అడ్డంగా తిప్పితే సాధారణంగా లాగ్ మీట కనబడుతుంది. కింది అంకెలు ln మీటతో తీసినవి, రెండుచోట్లా log మీట వాడినా చివరి జవాబు అదే. మన ఉదాహరణలో 113ని 50తో భాగిస్తే 2.26, లాగ్ 0.8154. 21.0975ని 10తో భాగిస్తే 2.10975, లాగ్ 0.7466. భాగిస్తే 1.092. ఇదీ ఆ రన్నర్ ఘాతం. ఇప్పుడు హాఫ్ నుంచి ఫుల్‌కి: 2ని 1.092 ఘాతానికి హెచ్చిస్తే సుమారు 2.132, దాన్ని 113తో గుణిస్తే 240.9 నిమిషాలు. అదే 4:00:54.

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది, దీన్ని దాచకూడదు. రెండు రేసుల నుంచి ఘాతం తీసినప్పుడు ఇన్పుట్‌లోని చిన్న తప్పు పెద్దదవుతుంది. ఆ హాఫ్‌లో నీళ్ల దగ్గర, షూ లేసు దగ్గర ఒక నిమిషం పోయిందనుకోండి. అది పోకపోతే టైము 1:52:00. అప్పుడు ఘాతం 1.080, మారథాన్ అంచనా 3:56:49. హాఫ్‌లో ఒక నిమిషం, మారథాన్ అంచనాలో నాలుగు నిమిషాలు! ఒకటి, ఆ నిమిషం నేరుగా రెట్టింపైంది. రెండు, ఘాతాన్ని కూడా మార్చేసింది. దీన్ని తగ్గించే మార్గం రెండు రేసుల దూరాల మధ్య ఎడం పెంచడం. 10కె, హాఫ్ జతకన్నా 5కె, హాఫ్ జత మంచిది. అదే ఒక నిమిషం తప్పుకు అక్కడ మూడు నిమిషాల చిల్లరే తేడా వస్తుంది. హాఫ్‌ను మాత్రం వదలకండి. ఘాతం 0.01 తప్పితే 10కె నుంచి వేసిన మారథాన్ అంచనా మూడు నిమిషాలకు పైగా మారుతుంది, హాఫ్ నుంచి వేసినది నిమిషంన్నర మారుతుంది.

వచ్చిన ఘాతం 1.04 కన్నా తక్కువైతే సంబరపడకండి, అనుమానించండి. చిన్న రేసులో పూర్తి బలం పెట్టి ఉండరు, లేదా పెద్ద రేసు దూరం తక్కువై ఉంటుంది. 1.15 దాటితే పెద్ద రేసులో ఏదో తేడా జరిగి ఉంటుంది, లేదా ఓర్పు నిజంగానే తక్కువ. ఇంకో మాట: 10కె, హాఫ్ మధ్య వచ్చిన ఘాతం మారథాన్ దగ్గర తగ్గడం అరుదు, పెరగడమే మామూలు. లాంగ్ రన్లు సరిగ్గా చేయనివారికి ఆ 4:00:54 కూడా ఆశపోతు అంచనానే.

ఇన్పుట్‌గా ఏ రేసు తీసుకోవాలి? చివరి ఆరు నుంచి ఎనిమిది వారాల్లో చేసినదై ఉండాలి. కొలిచి ధ్రువీకరించిన కోర్సై ఉండాలి. గన్ టైము (రేసు మొదలైన క్షణం నుంచి లెక్కించేది) కాదు, చిప్ టైము (మీరు ఆరంభ గీత దాటినప్పటి నుంచి లెక్కించేది) తీసుకోండి. మొదటి సగం, రెండో సగం దగ్గరదగ్గరగా ఉండాలి. 10కెలో మొదటి 5 కిలోమీటర్లు 23:30, తర్వాతి 5 కిలోమీటర్లు 26:30 అయితే అది మీ 50 నిమిషాల సత్తా కాదు, సరిగ్గా పంచుకుంటే ఇంకా తక్కువలో అయ్యేది. ట్రెయినింగ్‌లో ఒంటరిగా పరిగెత్తిన టైము రేసు టైముకు సాటి రాదు. మారథాన్‌కు మూడు నుంచి ఐదు వారాల ముందు ఒక హాఫ్ పెట్టుకుంటే అన్నిటికన్నా మంచి ఆధారం దొరుకుతుంది, కోలుకోవడానికి వ్యవధీ మిగులుతుంది.

వేర్వేరు కాలాల పీబీలను (సొంత అత్యుత్తమ సమయాలను) మాత్రం కలపకండి. కెన్యా రన్నర్ ఎలియుడ్ కిప్చోగే హాఫ్ మారథాన్ అధికారిక పీబీ 59:25, 2012లో ఫ్రాన్స్‌లోని లిల్‌లో చేసినది. మారథాన్ పీబీ 2:01:09, 2022లో బెర్లిన్‌లో. వీటి నుంచి ఘాతం తీస్తే 1.028 వస్తుంది. ఆ అంకెకు అర్థం లేదు. మధ్యలో పదేళ్ల శిక్షణ ఉంది, కార్బన్ ప్లేటు షూలు వచ్చాయి, ఆయన దృష్టంతా మారథాన్ మీదకు మళ్లింది. మన విషయంలో రెండేళ్ల తేడా కూడా ఇదే పని చేస్తుంది.

వాతావరణం, కోర్సు గురించి. సూత్రం రెండు రేసుల పరిస్థితులూ ఒకటే అనుకుంటుంది. చల్లని ఉదయం చేసిన 10కెతో వేడి రోజు మారథాన్‌ను లెక్కగట్టకూడదు. వేడి పెరిగేకొద్దీ మారథాన్ సమయాలు పెరుగుతాయని, నెమ్మదిగా పరిగెత్తేవారి మీద ఆ దెబ్బ ఎక్కువని అధ్యయనాలు స్పష్టంగా చూపించాయి. వాళ్లు ఎండలో ఎక్కువసేపు ఉంటారు కదా. దిగుడు కోర్సు టైములనూ నమ్మకండి. రికార్డుకు చెల్లాలంటే మొదలు నుంచి ముగింపుకు దిగుడు కిలోమీటరుకు ఒక మీటరు మించకూడదు, మారథాన్‌కు 42 మీటర్లు. బోస్టన్ మారథాన్‌లో అది సుమారు 140 మీటర్లు, పైగా ఒక చోట మొదలై దూరంగా ఇంకో చోట ముగుస్తుంది. 2011లో కెన్యా రన్నర్ జెఫ్రీ ముతాయ్ అక్కడ 2:03:02 పరిగెత్తితే, అప్పటి రికార్డు 2:03:59 కన్నా వేగమైనా, ప్రపంచ రికార్డుగా లెక్కకు రాలేదు.

మిగతా పద్ధతుల సంగతి క్లుప్తంగా. రన్నింగ్ కోచ్ జాక్ డేనియల్స్, జిమ్మీ గిల్బర్ట్ తయారుచేసిన వీడాట్ పట్టికలు ఆక్సిజన్ వినియోగం మీద నడుస్తాయి. 10కె 50 నిమిషాలకు వీడాట్ 40 వస్తుంది, దానికి మారథాన్ 3:49:45 అని పట్టిక చెబుతుంది. రీగల్ చెప్పిన 3:50కి పదిహేను సెకన్ల తేడా! రెండు పద్ధతులు ఒకే మాట చెబుతున్నాయి కదా అని ధైర్యం తెచ్చుకోవద్దు. రెండూ ఒకే 10కె నుంచి వచ్చాయి, మీ ఓర్పు ఎంతో రెండింటికీ తెలియదు. క్రిటికల్ స్పీడ్ (అలసట పేరుకోకుండా నిలపగల గరిష్ఠ వేగం) పద్ధతి కొద్ది నిమిషాల నుంచి ఇరవై నిమిషాల దాకా సాగే పరుగులకు చక్కగా ఉంటుంది, మారథాన్‌కు పనికిరాదు. ఆ వేగంతో ఎంతసేపైనా పరిగెత్తవచ్చని దాని లెక్క చెబుతుంది.

యాసో 800 గురించి కాస్త వివరంగా చెప్పాలి, చాలామంది దీన్నే నమ్ముకుంటారు కాబట్టి. 800 మీటర్లు పదిసార్లు, ఒక్కోటి 3 నిమిషాల 50 సెకన్లలో చేయగలిగితే మారథాన్ 3 గంటల 50 నిమిషాల్లో అవుతుందని దాని మాట. లెక్క చూడండి. 800 మీటర్లకు 3:50 అంటే కిలోమీటరుకు 4:47.5. 5కెని 24 నిమిషాల్లో చేసేవారి పేస్ 4:48. అంటే ఇది మీ 5కె వేగాన్ని కొలుస్తోంది, మధ్యలో విశ్రాంతి ఇచ్చి మరీ. మంచి వర్కవుటే, కానీ చివరి 12 కిలోమీటర్ల గురించి ఒక్క ముక్క చెప్పదు.

ఇక అంచనాను పేస్‌గా మార్చుకోవాలి. ఒకే అంకె పెట్టుకోకండి, పరిధి పెట్టుకోండి. మన రన్నర్‌కు హాఫ్ నుంచి 1.06తో వచ్చిన 3:55:36 ఒక కొస, సొంత ఘాతంతో వచ్చిన 4:00:54 ఇంకో కొస. పేస్‌లో చెప్పాలంటే కిలోమీటరుకు 5:35 నుంచి 5:43. మొదలుపెట్టేది నెమ్మది కొస దగ్గరే. అంటే 5 కిలోమీటర్లు 28:33కి, 10 కిలోమీటర్లు 57:05కి దాటాలి. 3:50 పేస్‌లో వెళితే 5 కిలోమీటర్లు 27:15కే అయిపోతాయి. ఆ ఒక నిమిషం 18 సెకన్లు అప్పుడు చాలా తేలిగ్గా వస్తాయి, అదే సమస్య. 30 కిలోమీటర్ల దాకా 5:43 నిలిచి, ఊపిరి, కాళ్లు రెండూ బాగుంటే అప్పుడు పెంచండి.

వాచీని కోర్సు బోర్డులతో సరిచూసుకుంటూ ఉండండి. జీపీఎస్ మారథాన్‌ను 42.5, 42.6 కిలోమీటర్లు చూపించడం మామూలే. మలుపుల్లో మీరు అతి తక్కువ దూరపు గీత మీద పరిగెత్తరు, సిగ్నల్ కూడా అటూఇటూ పోతుంది. పైగా ధ్రువీకరించిన కోర్సును తక్కువ పడకుండా వెయ్యికి ఒకటి చొప్పున కాస్త ఎక్కువే కొలుస్తారు, మారథాన్‌కు అది 42 మీటర్లు. 4:00:54 కావాలంటే అసలు పేస్ 5:43, కానీ వాచీ 42.6 చూపించేటట్లయితే వాచీ మీద 5:39 కనబడాలి. వాచీ తనంతట తానే కిలోమీటర్లు లెక్కపెట్టే ఆటో ల్యాప్ ఆపేసి, ప్రతి 5 కిలోమీటర్ల బోర్డు దగ్గర మీటనొక్కి, గడిచిన మొత్తం సమయాన్ని చేతిమీద రాసుకున్నదానితో పోల్చడం నా సలహా.

రేసు అయ్యాక ఇంకో లెక్క ఉంది, దీన్ని చాలామంది వదిలేస్తారు. హాఫ్, ఫుల్ సమయాల నుంచి కొత్త ఘాతం తీయండి. ఫుల్ 4:06 అయిందనుకోండి, మొదటి సగం 1:57, రెండో సగం 2:09. 246ని 113తో భాగించి లాగ్ తీసి, 2 లాగ్‌తో భాగిస్తే 1.122. ఇది తర్వాతి మారథాన్‌కు వాడుకోదగిన అంకేనా కాదా అన్నది స్ప్లిట్లు, అంటే ప్రతి 5 కిలోమీటర్లకు పట్టిన సమయాలు, చెబుతాయి. 30 దాకా పేస్ నిలిచి ఒక్కసారిగా పడిపోతే ముందు ఆరంభపు పేస్‌నీ, జెల్స్‌నీ చూడండి. గంటకు 30 నుంచి 60 గ్రాముల కార్బోహైడ్రేట్ అందిందా లేదా అన్నది. 20 నుంచే కొద్దికొద్దిగా తగ్గుతూ వస్తే లాంగ్ రన్లు, వారపు కిలోమీటర్లు తక్కువ, ఆ 1.122 మీదే, శిక్షణ మారేదాకా దాన్నే వాడండి. మొదటి కిలోమీటర్ల నుంచే గుండె వేగం మామూలుకన్నా ఎక్కువగా ఉండి, ఆ రోజు వేడి బాగా ఉంటే ఆ ఘాతాన్ని పక్కన పెట్టి, పాత 1.092తోనే తర్వాతి లెక్క మొదలుపెట్టండి.